పీల్చిన ఆక్సిజన్ ఏమవుతుంది? అలిపిరి మెట్ల నుంచి తోతాపురి కుప్ప దాకా

అలిపిరి పాదాల మండపం దగ్గర నడక మొదలుపెట్టిన 60 కిలోల మనిషి తిరుమల చేరేసరికి దాదాపు 700 మీటర్ల ఎత్తుకు లేస్తాడు. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే, కొండపైన ఆ ఎత్తు సుమారు 850 మీటర్లు. అంత బరువును అంత పైకి లేపడానికి ఎంత శక్తి కావాలో లెక్క సులువే. 60ని 9.8తో, వచ్చినదాన్ని 700తో హెచ్చిస్తే 4,11,600 జౌళ్లు. తిండి లెక్కలో 98 కిలోకేలరీలు, అంటే సుమారు రెండు ఇడ్లీలు.

రెండు ఇడ్లీలతో కొండెక్కడం కుదరదని మెట్లెక్కిన ప్రతి ఒక్కరి కాళ్లకూ తెలుసు. కండరం తనకు అందిన శక్తిలో 20 నుంచి 25 శాతాన్నే పనిగా మార్చగలదు. కాబట్టి శరీరాన్ని పైకి లేపడానికే 400 నుంచి 500 కిలోకేలరీలు ఖర్చవుతాయి. దారి పొడవునా ముందుకు నడిచినందుకు అయ్యే ఖర్చు దీనికి అదనం. పనిగా మారని 300, 400 కిలోకేలరీలు వేడిగా బయటపడతాయి. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది. అంటే కొండెక్కేవారి చొక్కా తడవడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. లోపల పుట్టిన వేడిని వదిలించుకోవడానికే అర లీటరుకు పైగా చెమట పట్టాలి.

ఇంకో లెక్క కూడా చూడాలి. ఒక లీటరు ఆక్సిజన్ వాడితే శరీరంలో దాదాపు 5 కిలోకేలరీల శక్తి విడుదలవుతుంది. 500 కిలోకేలరీలకు 100 లీటర్ల ఆక్సిజన్ కావాలి. మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటే, వదిలే గాలిలో 16 శాతం మిగిలి ఉంటుంది. పట్టుకోగలిగేది ఆ 5 శాతమే కనుక 100 లీటర్ల కోసం 2,000 లీటర్ల గాలి ఊపిరితిత్తుల గుండా పోవాలి. ఇంటిమీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులు రెండు నిండేంత గాలి అన్నమాట.

ఆ 100 లీటర్ల ఆక్సిజన్ చివరికి ఏమవుతుంది? పదో తరగతి విద్యార్థిని అడిగినా, డిగ్రీ చదివినవారిని అడిగినా ఎక్కువమంది చెప్పే జవాబు ఒక్కటే: కార్బన్ డయాక్సైడ్‌గా మారి బయటికి వస్తుంది. ఈ జవాబు తప్పు. పీల్చిన ఆక్సిజన్ నీరవుతుంది. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్ మనం తిన్న గ్లూకోజ్ నుంచి, కణంలో ముందే ఉన్న నీటి నుంచి వస్తుంది. పరీక్షలో మార్కు తేవడంతో ఈ తేడా పని అయిపోదు. కొండెక్కేటప్పుడు ఆయాసం ఎందుకు వస్తుందో, చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీ ముందు ఆగిన లారీలో మామిడి ఎందుకు ఉడుకుతుందో, నీళ్లు నిలిచిన మడిలో టమాటా మొక్క ఎందుకు వాడిపోతుందో తెలియాలంటే ముందు ఈ తేడా తెలియాలి.

మంట కాదు, మెట్లు

180 గ్రాముల గ్లూకోజ్‌ను పూర్తిగా మండిస్తే 686 కిలోకేలరీలు వస్తాయి. కణంలో పూర్తిగా విడగొట్టినా మొత్తం లెక్క అదే. 18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ గినీపిగ్ చుట్టూ మంచు పేర్చి, కరిగిన మంచును కొలిచి, శ్వాస అంటే నెమ్మదిగా జరిగే మంటేనని చెప్పింది ఈ అర్థంలోనే. మొత్తం లెక్కలో ఆయన చెప్పింది నిజం. జరిగే తీరు మాత్రం వేరు. పొయ్యి మీద పుట్టే వేడితో నీళ్లు మరుగుతాయి, ఆవిరితో యంత్రం తిరుగుతుంది. వేడితో పని చేయించాలంటే ఒకచోట వేడిగా, ఇంకోచోట చల్లగా ఉండాలి. కణం లోపల అంతటా ఒకే 37 డిగ్రీలు. అక్కడ వేడి దేనికీ కొరగాదు. అందుకే కణం గ్లూకోజ్‌ను కాల్చదు, దాని ఎలక్ట్రాన్లను మెట్టు మెట్టుగా కిందికి దింపుతుంది.

మొదటి అంచె గ్లైకాలసిస్. ఇది కణంలో శక్తి తయారుచేసే గదుల్లాంటి మైటోకాండ్రియా బయట, కణద్రవ్యంలోనే పది చర్యల్లో జరుగుతుంది. ఆరు కార్బన్ల గ్లూకోజ్ విడిపోయి మూడేసి కార్బన్ల పైరువేట్‌లు రెండవుతాయి. కణం తన పనులకు నేరుగా ఖర్చుపెట్టే శక్తి అణువు పేరు ఏటీపీ. మొదట రెండు ఏటీపీలు పెట్టుబడి పెట్టాలి, తర్వాత నాలుగు చేతికొస్తాయి, మిగిలేది రెండు. వాటితోపాటు రెండు ఎన్‌ఏడీహెచ్‌లు తయారవుతాయి. ఎన్‌ఏడీహెచ్ అంటే ఎలక్ట్రాన్లను నెత్తిన పెట్టుకున్న కూలీ లాంటిది. బరువు దించితే ఎన్‌ఏడీ, ఎత్తుకుంటే ఎన్‌ఏడీహెచ్. ఈ కూలీల సంఖ్య కణంలో చాలా తక్కువ. ఈ విషయం తర్వాత అక్కరకొస్తుంది.

పైరువేట్ మైటోకాండ్రియా లోపలికి వెళ్లి ఒక కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేసి అసిటైల్ కోఎంజైమ్ ఏ అవుతుంది. మిగిలిన రెండు కార్బన్లను క్రెబ్స్ వలయం తీసుకుంటుంది. హాన్స్ క్రెబ్స్ 1937లో ఈ వలయాన్ని తేల్చింది పావురం రొమ్ము కండరం మీద. ఎగరడానికి అలుపు లేకుండా పనిచేసే ఆ కండరంలో మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి. వలయం ఒక్కసారి తిరిగితే మూడు ఎన్‌ఏడీహెచ్‌లు, అలాంటిదే ఇంకో కూలీ అయిన ఎఫ్‌ఏడీహెచ్2 ఒకటి, ఏటీపీకి సమానమైన ఒక జీటీపీ దక్కుతాయి. రెండు కార్బన్ డయాక్సైడ్‌లు బయటికి పోతాయి. ఒక గ్లూకోజ్‌కు వలయం రెండుసార్లు తిరుగుతుంది. ఇక్కడికి గ్లూకోజ్ కార్బన్లు ఆరూ వాయువై వెళ్లిపోయాయి. ఇంతవరకూ పీల్చిన ఆక్సిజన్ ఎక్కడా కనబడలేదు. చేతికొచ్చిన ఏటీపీ నాలుగే. శక్తిలో పెద్ద వాటా ఇంకా ఎన్‌ఏడీహెచ్, ఎఫ్‌ఏడీహెచ్2 నెత్తి మీదే ఉంది.

పొర వెనక నిలబెట్టిన నీళ్లు

అసలు పని మైటోకాండ్రియా లోపొర మీద జరుగుతుంది. పొరలో వరసగా పాతుకుని ఉన్న ప్రోటీన్ సముదాయాలకు ఎన్‌ఏడీహెచ్ ఎలక్ట్రాన్లను అప్పజెబుతుంది. అవి ఒకదాని నుంచి మరొకదానికి దిగే ప్రతిచోటా కొంత శక్తి విడుదలవుతుంది. ఆ శక్తితో ప్రోటాన్లు, అంటే ఎలక్ట్రాన్ పోయిన హైడ్రోజన్లు, పొర లోపలి నుంచి బయటికి తోడబడతాయి. ఒక ఎన్‌ఏడీహెచ్ దింపిన రెండు ఎలక్ట్రాన్లకు మొత్తం పది ప్రోటాన్లు: మొదటి సముదాయం దగ్గర 4, మూడో దాని దగ్గర 4, నాలుగో దాని దగ్గర 2. ఎఫ్‌ఏడీహెచ్2 రెండో సముదాయం ద్వారా వస్తుంది కనుక దానికి దక్కేవి ఆరే.

శ్రీశైలంలో గోడ వెనక నీళ్లు నిలబెట్టి టర్బైన్ల మీదుగా వదిలినట్టే, బయట పోగుపడిన ప్రోటాన్లు లోపలికి రావడానికి ఏటీపీ సింథేజ్ అనే ఒక దారి ఉంది. అది నిజంగానే తిరిగే యంత్రం. ఒక చుట్టుకు మూడు ఏటీపీలు తయారవుతాయి. పొరకు అటూ ఇటూ ఉండే విద్యుత్ తేడా 0.16 వోల్టుల దగ్గర ఉంటుంది. వినడానికి చిన్న సంఖ్యే, కానీ పొర మందం 5, 6 నానోమీటర్లే. మీటరుకు లెక్కగడితే దాదాపు 3 కోట్ల వోల్టులు. పొడి గాలిలో మెరుపు పుట్టడానికి మీటరుకు 30 లక్షల వోల్టులు చాలు. మెరుపును పుట్టించే ఒత్తిడికి పది రెట్లు మన కణాల్లోని ఈ పొరలు నిత్యం మోస్తున్నాయి. పీటర్ మిచెల్ 1961లో ఈ ఊహను ముందుకు తెచ్చినప్పుడు జీవరసాయన శాస్త్రవేత్తలు చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. 1978లో నోబెల్ బహుమతి వచ్చింది.

పాత పుస్తకాల్లో ఒక గ్లూకోజ్‌కు 38 ఏటీపీలు అని ఉంటుంది, కొత్తవాటిలో 30 నుంచి 32. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఈ తేడా దగ్గర తికమకపడతారు. పాత లెక్కలో ఎన్‌ఏడీహెచ్‌కు 3, ఎఫ్‌ఏడీహెచ్2కు 2 అని పూర్ణసంఖ్యలు వేసేవారు. ఒక ఏటీపీని తయారుచేసి కణంలోకి పంపడానికి మొత్తం సుమారు నాలుగు ప్రోటాన్లు ఖర్చవుతాయని తర్వాత తేలింది. పదిని నాలుగుతో భాగిస్తే 2.5, ఆరును భాగిస్తే 1.5. పది ఎన్‌ఏడీహెచ్‌లకు 25, రెండు ఎఫ్‌ఏడీహెచ్2లకు 3, నేరుగా వచ్చినవి 4, మొత్తం 32. గ్లైకాలసిస్‌లో పుట్టిన ఎన్‌ఏడీహెచ్ ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలికి చేరే దారిని బట్టి 32 కాస్తా 30 కావచ్చు. పరీక్షలో మాత్రం ఆ పరీక్షకు నిర్ణయించిన పుస్తకంలోని అంకెనే రాయాలి.

పల్లెవెలుగు బస్సులో కండక్టరుకు 500 నోటు ఇస్తే పని జరగదు, చిల్లర కావాలి. గ్లూకోజ్ పెద్ద నోటు, ఏటీపీ చిల్లర. అయితే ఈ చిల్లరను కణం దాచుకోలేదు. శరీరం మొత్తంలో ఏ క్షణాన చూసినా ఏటీపీ సుమారు 100 గ్రాములకు మించదు. రోజుకు 2,000 కిలోకేలరీలు ఖర్చుపెట్టే మనిషికి, మొత్తం గ్లూకోజ్ నుంచే వస్తుందనుకుంటే, దాదాపు 44 కిలోల ఏటీపీ తయారుకావాలి. ఉన్న 100 గ్రాములే రోజుకు కొన్ని వందల సార్లు విరిగి మళ్లీ అతుక్కుంటాయి. ఈ తయారీ కొద్ది నిమిషాలు ఆగినా కథ ముగిసేది ఇందుకే.

ఈ చరిత్రలో ఒక తెలుగు పేరు ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని రూపొందించారు. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే తక్షణ శక్తి నిల్వను గుర్తించారు. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో ఫిస్క్, సుబ్బారావులు విడివిడిగా కండరం నుంచి ఏటీపీని వేరుచేశారు. ఆయన గురించి మందుల సందర్భంలోనే ఎక్కువగా చెప్పుకుంటాం. మెట్లెక్కే ప్రతి కాలిలో మొదటి పది సెకన్లు నడిపే పదార్థాన్ని కనిపెట్టినవారిలో ఆయన ఒకరని కూడా తెలుగువాళ్లకు తెలియాలి.

చివరి మెట్టు దగ్గర

నాలుగో సముదాయం దగ్గరికి వచ్చేసరికి ఎలక్ట్రాన్ల శక్తి దాదాపు అయిపోయింది. ఇప్పుడు వాటిని ఎవరో ఒకరు తీసుకుపోవాలి. ఆక్సిజన్ పని ఇక్కడే, ఇదొక్కటే. ఒక ఆక్సిజన్ అణువు నాలుగు ఎలక్ట్రాన్లను, నాలుగు ప్రోటాన్లను అందుకుని రెండు నీటి అణువులవుతుంది.

ఆక్సిజన్ అలా చెయ్యి అందించకపోతే ఏం జరుగుతుందో వెనక్కి చూస్తూ పోవాలి. నాలుగో సముదాయం ఎలక్ట్రాన్లతో నిండిపోతుంది. దానికి ముందున్న మూడోది, మొదటిది కూడా నిండుతాయి. ఎన్‌ఏడీహెచ్‌లకు బరువు దించే చోటు ఉండదు. ఖాళీ కూలీలు అయిపోతారు. క్రెబ్స్ వలయం ఆక్సిజన్‌ను నేరుగా వాడదు, అయినా ఖాళీ ఎన్‌ఏడీ లేక అది ఆగిపోతుంది. గ్లైకాలసిస్ కూడా అదే కారణంతో క్షణాల్లో ఆగాలి. ఆగకుండా ఉండేందుకు కణానికి ఒక అడ్డదారి ఉంది. ఎన్‌ఏడీహెచ్ తన బరువును పైరువేట్ మీదికే దించేస్తుంది. పైరువేట్ మన కండరంలో లాక్టేట్ అవుతుంది, ఈస్ట్‌లోనూ మొక్కల వేర్లలోనూ ఇథనాల్ అవుతుంది. దీనివల్ల కొత్త ఏటీపీ ఒక్కటి కూడా రాదు. కూలీలు ఖాళీ అయితే గ్లైకాలసిస్ సాగుతుంది, అందులోని రెండు ఏటీపీలు దక్కుతాయి. 32 వచ్చేచోట 2.

కొండ దారిలో ఇదంతా వరసగా కనబడుతుంది. మొదటి అడుగులకు కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లు సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ ఇంకో పది సెకన్లు లాగుతుంది. గుండె, ఊపిరితిత్తులు వేగం అందుకుని ఆక్సిజన్ సరఫరా ఖర్చుకు సమానం కావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోపు లోటును గ్లైకాలసిస్ తీర్చాలి. అలిపిరి దగ్గర ఉత్సాహంతో పరుగున మొదలుపెట్టినవారు వందో మెట్టు దాటకముందే కూర్చోవడానికి కారణం ఈ లోటే. గాలిగోపురం దాకా సుమారు 2,000 మెట్లు నిటారుగా ఉంటాయి. ఆ భాగంలో మొదటి పది నిమిషాలు కావాలనే నెమ్మదిగా నడిస్తే మిగతా దారి సులువవుతుంది.

వేగం సరిపోయిందో లేదో చూసుకోవడానికి గడియారం అక్కర్లేదు. "ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవింద" అని ఒక్క ఊపిరిలో గట్టిగా అనగలిగితే ఆక్సిజన్ ఖర్చుకు తగ్గట్టు అందుతున్నట్టే. మధ్యలో ఊపిరి తెగితే లాక్టేట్ పోగుపడే వేగంలో ఉన్నట్టు. వ్యాయామ శాస్త్రంలో మాట పరీక్ష అనేది ఇదే. చివర్లో వచ్చే మోకాళ్ల మెట్టు దగ్గర చాలామందికి ఊపిరి తెగుతుంది, అక్కడ ఆగి ఆగి ఎక్కడమే సరైన పద్ధతి. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవారు ఈ పరీక్షను నమ్ముకుని ఎక్కకూడదు, ముందుగా వైద్యుణ్ని అడగాలి.

లాక్టిక్ ఆమ్లం (లాక్టేట్ దాని రూపమే) మీద ఒక నింద ఉంది. మర్నాడు తొడలు పట్టేయడానికి అదే కారణమంటారు. కాదు. పోగుపడిన లాక్టేట్ ఆగి విశ్రాంతి తీసుకున్న గంట, గంటన్నరలో దాదాపు మామూలు స్థాయికి వస్తుంది. గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం కొంత భాగాన్ని ఆరు ఏటీపీలు ఖర్చుపెట్టి మళ్లీ గ్లూకోజ్ చేస్తుంది. మర్నాటి నొప్పి కండరపు పోగుల్లో పడిన సూక్ష్మమైన చిరుగులది. కండరం సాగుతూ బరువు ఆపినప్పుడు, అంటే మెట్లు దిగేటప్పుడు, ఈ చిరుగులు ఎక్కువ. అందుకే ఎక్కి బస్సులో దిగినవారికంటే నడిచి దిగినవారికి రెండు మూడు రోజులు తొడలు పట్టేస్తాయి.

ఇక తిండి సంగతి. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు గ్లైకోజెన్, అంటే గొలుసుగా పేర్చిన గ్లూకోజ్, నిల్వ ఉంటుంది. నెమ్మదిగా నడిస్తే కొవ్వు ఎక్కువ వాటా మోస్తుంది, వేగం పెరిగేకొద్దీ గ్లూకోజ్ వాటా పెరుగుతుంది. కొవ్వును ఆక్సిజన్ లేకుండా వాడటం మన శరీరంలో ఏ కణానికీ సాధ్యం కాదు. రెండు గంటల ముందు రాగి సంగటి, పల్లీ చట్నీ తిన్నవారికి దారిలో గ్లూకోజ్ పొట్లాలు అవసరం లేదు.

పిండి పొంగుతుంది, పెరుగు పొంగదు

ఆక్సిజన్ లేని అడ్డదారి వంటింట్లో రోజూ పనిచేస్తుంది. ఇడ్లీ పిండిని పులియబెట్టే బ్యాక్టీరియాల్లో ముఖ్యమైనది లూకోనోస్టాక్. ఇది ఒక గ్లూకోజ్ నుంచి ఒక లాక్టిక్ ఆమ్లం, ఒక ఇథనాల్, ఒక కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది. ఆ వాయువును మినప్పప్పు జిగురు పట్టి ఉంచుతుంది, పిండి పొంగుతుంది. పెరుగు తోడులోని బ్యాక్టీరియా ప్రతి గ్లూకోజ్‌నూ రెండు లాక్టిక్ ఆమ్లాలు చేస్తుంది. అందులో కార్బన్ ఎక్కడా తెగిపోదు, వాయువు పుట్టదు, అందుకే పెరుగు పొంగదు. పెరుగులో బుడగలు కనబడ్డాయంటే తోడులో ఈస్ట్ లాంటిదేదో కలిసిందని అర్థం, ఆ తోడు మార్చాలి. తిరుపతి ఏప్రిల్, మే ఎండల్లో పిండి రాత్రంతా బయట ఉంటే పులిసిపోవడం కూడా లెక్క ప్రకారమే. పది డిగ్రీలు పెరిగితే ఈ చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. చలికాలంలో పది గంటలు పట్టే పిండి వేసవిలో ఐదారు గంటలకే ఫ్రిజ్‌లోకి పోవాలి.

ఇదే అడ్డదారి పొలంలో నష్టం తెస్తుంది. మదనపల్లె వైపు టమాటా మళ్లలో రెండు రోజులు నీళ్లు నిలిస్తే మొక్క వాడిపోతుంది. చుట్టూ నీళ్లుండగా వాడిపోవడం చూసి నీళ్లు చాలలేదనుకుని మళ్లీ పెట్టేవారున్నారు. నీటిలో ఆక్సిజన్ గాలిలోకంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మట్టి సందుల్లో గాలి పోయి నీరు నిండితే వేరుకు ఆక్సిజన్ గంటల్లో కరువవుతుంది. 32 ఏటీపీలకు బదులు 2తో వేరు ఉప్పులను తోడుకోలేదు. కణద్రవ్యం ఆమ్లమై వేరు పొరల్లోని నీటి దారులు మూసుకుపోతాయి. నీరు ఉన్నా లోపలికి రాదు. దీనికి మందు నీరు తీసేయడం, బోదెలు ఎత్తుగా కట్టడం, అంతే. వరికి ఈ బాధ లేదు. దాని కాండంలో, వేర్లలో గాలి గొట్టాలు ఉంటాయి, పైనుంచి ఆక్సిజన్ కిందికి దిగుతుంది.

ఆగిన లారీలో తోతాపురి

జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి లోడుతో ట్రాక్టర్లు, లారీలు వరస కడతాయి. కోసిన కాయ చచ్చిపోయినది కాదు. కొమ్మ నుంచి తిండి ఆగింది, శ్వాస ఆగలేదు. పైగా మామిడి పండబోయే ముందు శ్వాస వేగం ఒక్కసారిగా పెరిగే జాతి పండు. అరటి, టమాటా, సపోటా కూడా అంతే. ద్రాక్ష, నిమ్మ అలా కాదు, కోశాక అవి పండవు.

20 డిగ్రీల దగ్గర మామిడి కిలోకు గంటకు 100 మిల్లీగ్రాముల చుట్టుపక్కల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ లెక్కే పట్టుకుంటే, కిలోకు గంటకు 255 కేలరీల వేడి పుడుతుంది. పది టన్నుల లోడుకు గంటకు 2,550 కిలోకేలరీలు, అంటే 3 కిలోవాట్లు. స్నానాల గదిలోని గీజర్ ఒకటి కాయల మధ్య ఆపకుండా వెలుగుతున్నట్టు. వేడి బయటికి పోయే దారి లేకపోతే కుప్ప మధ్యలో గంటకు 0.3 డిగ్రీ, రాత్రికి 3 డిగ్రీలు పెరుగుతుంది. పెరిగిన వేడికి శ్వాస వేగం పెరుగుతుంది, దాంతో ఇంకా వేడి. జూన్‌లో కాయ మొదలయ్యేదే 30 డిగ్రీలకు పైన కనుక అసలు అంకెలు దీనికంటే ఎక్కువే ఉంటాయి. రోజుకు ఆ లోడులో కనీసం 16 కిలోల చక్కెర గాలిలో కలిసిపోతుంది. రైతుకు తూకంలో పడే కోత ఇంతకంటే చాలా ఎక్కువ, అది ఆవిరైన నీటిది.

వానకు భయపడి టార్పాలిన్‌తో లోడును గట్టిగా బిగించి కట్టినప్పుడు అసలు చేటు జరుగుతుంది. లోపల ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. కాయ అడ్డదారి పడుతుంది, గుజ్జులో ఇథనాల్ చేరుతుంది. పైకి బాగున్న కాయను కోస్తే సారా వాసన వచ్చేది ఇందుకే. అలాంటి గుజ్జును ఫ్యాక్టరీ తీసుకోదు. టార్పాలిన్ పైన మాత్రమే కప్పి పక్కలు వదిలేయడం, కుప్పకు బదులు క్రేట్లలో పేర్చడం, తెల్లవారుజామున కోసి నీడలో ఉంచడం, సొన కారి తొక్క కాలకుండా తొడిమను కాస్త ఉంచి కోయడం అనే పనులకు పెద్ద ఖర్చు లేదు. అన్నిటికంటే లాభం వరస పొడవు తగ్గించే టోకెన్ పద్ధతిలో ఉంది. పది గంటలు తక్కువ ఆగిన లోడుకు అంత మేలు చేసే మందు ఏదీ లేదు.

మాగబెట్టే గదుల్లోనూ ఇదే సూత్రం. కాయను పండించే ఎథిలీన్ వాయువును 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలు) దాకా వాడటానికి ఆహార భద్రత నిబంధనలు ఒప్పుకుంటాయి, కాల్షియం కార్బైడ్‌ను నిషేధించాయి. గది 20, 22 డిగ్రీల దగ్గర ఉండాలి. మూసిన గదిలో కాయలే వదిలిన కార్బన్ డయాక్సైడ్ 1 శాతం దాటితే ఎథిలీన్ పనిని అది అడ్డుకుంటుంది. గ్యాస్ పెట్టాం, కాయ పండలేదని ఫిర్యాదు చేసేవారు ముందు చూడాల్సింది ఎథిలీన్ డబ్బాను కాదు, గాలి మార్చే ఫ్యాన్‌ను. చల్లదనం ఎక్కువైనా మంచిది కాదు. పచ్చి మామిడిని 10 డిగ్రీలకంటే కింద రోజులతరబడి ఉంచితే తొక్క నల్లబడుతుంది, తర్వాత సరిగా పండదు.

వేరుశనగ నిల్వలో వేడికంటే నీరు ముఖ్యం. శ్వాసలో ఆక్సిజన్ నీరవుతుందని చెప్పుకున్నాం. 180 గ్రాముల గ్లూకోజ్‌కు 108 గ్రాముల నీరు పుడుతుంది, 100 గ్రాముల నూనెకు 100 గ్రాములకు పైనే. సరిగా ఎండని కాయల మూటలో గింజ శ్వాసిస్తూ తన చుట్టూ తానే తేమ పుట్టించుకుంటుంది. ఆ తేమకు శ్వాస పెరుగుతుంది, బూజు మొదలవుతుంది, ఆ బూజే అఫ్లాటాక్సిన్ విషాన్ని చేస్తుంది. తేమ 8 శాతం లోపుకు ఎండితే శ్వాస దాదాపు నిద్రపోతుంది. పాతకాలం రైతు కాయను చెవి దగ్గర ఆడించి గింజ గలగలమంటే ఎండిందనడంలో ఉన్న కొలత ఇదే. కొట్టిన చెరకును అదే రోజు గానుగ ఆడించాలనడం కూడా ఈ కుటుంబంలోని మాటే. ఆలస్యమైతే కాండంలోని ఇన్వర్టేజ్ ఎంజైమ్ చక్కెరను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది, అప్పుడు బెల్లం అచ్చు గట్టిపడదు.

యంత్రం ఎక్కడ చెడుతుంది

సయనైడ్ నాలుగో సముదాయాన్ని పట్టేస్తుంది. అప్పుడు రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణం దాన్ని అందుకోలేదు. ధాన్యం నిల్వలో పెట్టే మాత్రల నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు కూడా అక్కడే దెబ్బకొడుతుంది. ఆ మాత్రలు పెట్టిన గదిలో గానీ దాన్ని ఆనుకున్న గదిలో గానీ ఎవరూ పడుకోకూడదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ ముందు హిమోగ్లోబిన్‌ను ఆక్రమిస్తుంది.

డైనైట్రోఫినాల్ అనే రసాయనం తీరు వేరు. అది యంత్రాన్ని ఆపదు, పొరకు చిల్లు పెట్టినట్టు ప్రోటాన్లను దొడ్డిదారిన లోపలికి తెస్తుంది. ఎలక్ట్రాన్లు దిగుతూనే ఉంటాయి, ఆక్సిజన్ ఖర్చవుతూనే ఉంటుంది, ఏటీపీ మాత్రం తయారుకాదు, శక్తి అంతా వేడవుతుంది. 1930లలో అమెరికాలో దీన్ని బరువు తగ్గించే మందుగా అమ్మారు. జ్వరం లాంటి వేడితో మనుషులు చనిపోయారు, 1938లో నిషేధించారు. కొవ్వు కరిగించే పొడి అంటూ ఇప్పటికీ ఆన్‌లైన్లో అమ్మేవారున్నారు కనుక జిమ్‌కు వెళ్లే కుర్రవాళ్లకు ఈ పేరు తెలిసి ఉండాలి. పసిపిల్లల వీపు దగ్గర ఉండే గోధుమరంగు కొవ్వు మాత్రం ఇదే పనిని అదుపులో చేసి ఒంటిని వెచ్చగా ఉంచుతుంది.

లోటు వల్ల వచ్చే చెడు కూడా ఉంది. పైరువేట్‌ను మైటోకాండ్రియాలో అసిటైల్ కోఎంజైమ్ ఏ చేయడానికి బీ1 విటమిన్ కావాలి. బాగా పాలిష్ పట్టిన బియ్యం మీదే బతికినచోట్ల బెరిబెరి వచ్చింది ఇందుకే, ఉప్పుడు బియ్యం తిన్నవారికి అంతగా రాలేదు. ఎన్‌ఏడీ తయారీకి బీ3, ఎఫ్‌ఏడీకి బీ2, ఎలక్ట్రాన్లను అందుకునే సైటోక్రోమ్‌లకు ఇనుము కావాలి. ఇనుము తక్కువైన ఆడపిల్ల మెట్లెక్కలేక కూర్చుంటే అది బద్ధకం అనుకోకుండా రక్తపరీక్ష చేయించాలి.

ఇంట్లోనే చూడాలంటే రెండు థర్మోస్ ఫ్లాస్కులు, పావుకిలో చొప్పున పెసలు చాలు. రెండు భాగాలూ ఎనిమిది గంటలు నానబెట్టాలి. ఒక భాగాన్ని ఉడికించి చల్లార్చాలి, రెండోదాన్ని గుడ్డలో కట్టి మొలక రానివ్వాలి. చెరో ఫ్లాస్కులో వేసి, థర్మామీటర్ గుచ్చి, మూతికి దూది పెట్టాలి. మూత బిగిస్తే లోపలి ఆక్సిజన్ కొన్ని గంటల్లో అయిపోయి వేడి ఆగుతుంది, ప్రయోగం కుదరదు. చిన్న గిన్నెలో సున్నపు తేట ఉంచితే అది కార్బన్ డయాక్సైడ్‌కు తెల్లబడటం కూడా చూడవచ్చు. మర్నాటికి మొలకల ఫ్లాస్కు గది కంటే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది, ఉడికించినది గది వేడిలోనే ఉంటుంది. రెండో రోజుకో మూడో రోజుకో ఉడికించిన పెసలు కూడా వేడెక్కడం మొదలుపెడతాయి. ప్రయోగం చెడిందని పారబోయకుండా వాసన చూస్తే జవాబు తెలుస్తుంది. గింజలు చచ్చిపోయినా, వాటి మీద చేరిన సూక్ష్మజీవులు శ్వాసిస్తున్నాయి.